పటానికెక్కని పేటలు

అనంతపురం పట్టణానికి, బుక్కరాయసముద్రానికి నడుమ ఒక పెద్ద చెరువు ఉన్నది. పండమేరు నీటిని ఆపి కట్టిన ఈ చెరువు 1364వ సంవత్సరం నాటిదని సంప్రదాయ చరిత్ర చెబుతున్నది. విజయనగరాన్ని ఏలిన మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు దీనిని కట్టించాడట. కట్ట రెండు కొనల వద్ద రెండు ఊళ్లు వెలసినవి. రాజు పేరిట వెలసినది బుక్కరాయసముద్రం, రెండవది అనంతసాగరం. ఆ అనంతసాగరమే నేటి అనంతపురమని ప్రతీతి.

ఈ సీమలో చెరువు అనగా ప్రాణాధారం. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డగించుటవల్లను, తూర్పు తీరం దూరమగుటచే ఈశాన్య ఋతుపవనాలు బలహీనపడి చేరుటవల్లను, అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురుస్తుంది. అదియు కాలానికి రాదు. వచ్చినపుడు ఒక్కసారిగా వచ్చి పోతుంది. అట్టి నీటిని నిలుపుకొనుటకే మన పూర్వులు వాగువాగుకూ గొలుసుకట్టుగా చెరువులు నిర్మించారు.

ఈ చెరువును గురించి ఒక కథ వాడుకలో ఉన్నది. ఒకప్పుడు వానలు మిక్కుటమై కట్టకు గండి పడినది. ఎంత మట్టి పోసినా నిలువలేదు. బసిరెడ్డి కోడలు ముసలమ్మను బలి ఇస్తేగాని కట్ట నిలువదని దైవవాక్కు వినబడినదట. ఆమె అత్తమామలకు మ్రొక్కి, గండిలో నిలిచి ప్రాణం విడిచినదని, అంతట కట్ట నిలిచినదని చెబుతారు. అనంతపుర చరిత్రలోని ఈ గాథనే తీసికొని కట్టమంచి రామలింగారెడ్డిగారు ‘ముసలమ్మ మరణము’ అనే కావ్యాన్ని వ్రాశారు.

కథలోని దైవవాక్కు సంగతి ఎట్లున్నను, అందులో ఒక చేదు నిజమున్నది. చెరువు అందరిది, గండి అందరికీ ప్రమాదం, వెల మాత్రం చెల్లించినది ఒక్క ఇంటి కోడలు. గాలి, నీరు, నేల చెడినపుడు కలిగే కష్టం అందరికీ సమంగా పంచబడక, పేదరికంవల్లనో, కులంవల్లనో, జాతివల్లనో మాట చెల్లుబడి కాని వారి వాటాకే ఎక్కువగా వచ్చుటను నేటి శాస్త్రజ్ఞులు ‘పర్యావరణ అన్యాయం’ అంటున్నారు. ఆ అన్యాయం ఎక్కడెక్కడ ఉన్నదో కనిపెట్టుటకు వారు వాడే ముఖ్యమైన సాధనం పటం. ఈ సాధనం ఎట్లు పుట్టినది, ఏమి చూపగలదు, ఏమి దాచగలదు అనేది తెలిసికోదగిన చరిత్ర.

గొలుసుతో కొలిచిన నేల

1800వ సంవత్సరంలో నిజాం ప్రభువు బళ్లారి, కడప, అనంతపురం మొదలైన ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. ఈ దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురంలో నివసిస్తూ పాలన సాగించాడు. 1802లో అతడు పొలం పొలాన్నీ కొలిపించే పని ప్రారంభించాడు. కొలతకు వాడినది 33 అడుగుల గొలుసు. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు గల చదరం 1089 చదరపు అడుగులు. అట్టివి నలభై చేరితే 43,560 చదరపు అడుగులు, అనగా సరిగా ఒక ఎకరం. విద్యార్థులు ఈ లెక్కను తామే కట్టి చూడవచ్చును.

ఆ సర్వేలో ప్రతి పొలానికీ సంఖ్య, విస్తీర్ణం, తరగతి ఏర్పడినవి. మెట్ట ఏది, మాగాణి ఏది, తోట ఏది, శిస్తు ఎంత అనేవి తెలిసినవి. ఇది సామాన్యమైన పని కాదు. కాని ఆ లెక్కలు ఏ ప్రశ్నకు సమాధానంగా పుట్టినవో గమనించవలెను. ‘ఈ నేలనుండి సర్కారుకు ఎంత రావలెను?’ అనేదే ఆ ప్రశ్న. తూముకు దగ్గరనున్న మడికి ముందుగా నీరు పారి, ఆయకట్టు చివరి మడి ఎండిపోతే ఆ సంగతి అందులో కనబడదు. ఊరి బావికి వెళ్లరాదని నిషేధింపబడినవారు ఎంత దూరంనుండి నీళ్లు మోసుకొని రావలసి వచ్చేదో అందులో కనబడదు. శిస్తు కట్టని కష్టానికి ఆ పుస్తకాలలో గడి లేదు.

దాదాపు అదే కాలంలో కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి మరియొక పని చేయించాడు. అతని సహాయకులైన కావలి సోదరులు మొదలైనవారు ఊరూరికీ సంబంధించిన వృత్తాంతాలను సేకరించారు. వీటినే కైఫీయతులు అంటారు. చెరువు ఎవరు కట్టించారు, ఎప్పుడు తెగినది, ఊరు ఎందుకు పాడుబడినది వంటి సంగతులు ఇట్టి వృత్తాంతాలలో దొరుకుతాయి. గొలుసు కొలిచినది ఒకటి, మనుషులు చెప్పినది మరొకటి. రెండూ ఒకే నేలను గురించినవే అయినా, ఆ రెంటినీ ఒకదానిపై ఒకటి పరచి చూడవలెననే ఆలోచన రావడానికి చాలా కాలం పట్టినది.

చుక్కలు చెప్పిన సాక్ష్యం

1854 ఆగస్టు చివర లండను నగరంలోని సోహో పేటలో కలరా చెలరేగి ఆరు వందలమందికి పైగా మరణించారు. చెడు గాలివల్లనే ఈ వ్యాధి వస్తుందని నాడు చాలామంది వైద్యులు నమ్మేవారు. జాన్ స్నో అనే వైద్యుడు మాత్రం నీటినే అనుమానించాడు. అతడు ఇంటింటికీ తిరిగి విచారించి, మరణాలను పటంపై గుర్తించాడు. గుర్తులన్నీ బ్రాడ్ వీధిలోని ఒక చేతిపంపు చుట్టూ గుమిగూడి కనిపించినవి.

ఇక్కడ ఉపాధ్యాయులు పిల్లలకు చెప్పదగిన సూక్ష్మం ఒకటున్నది. పటం చూచిన తరువాత స్నోకు పంపుపై అనుమానం కలుగలేదు. అనుమానం ముందే ఉన్నది. సెప్టెంబరు 8న పంపు పిడి తీయించిననాటికే వ్యాధి తగ్గుముఖం పట్టినది. అచ్చయిన పటం ఆ తరువాతనే వచ్చినది. అయినను స్నో వాదానికి బలమిచ్చినవి గుమిగూడిన గుర్తులు మాత్రమే కావు, గుర్తులు లేని చోట్లు కూడ. ఆ పంపు సమీపంలోనే ఉన్న ఒక బీరు బట్టీ పనివారు, ఒక పేదల ఆశ్రమంలోనివారు చాలవరకు వ్యాధినుండి తప్పించుకొన్నారు. కారణం విచారిస్తే, ఆ రెండు చోట్లా వేరే నీటి వసతి ఉన్నట్లు తేలినది. పటంలోని ఖాళీ కూడ సాక్ష్యం చెప్పగలదని దీనివల్ల తెలుస్తున్నది.

రెండు పటాలు, ఒక ప్రశ్న

వ్యాధి పటంపై మనుషుల స్థితిగతుల పటాన్ని పరచి చూచే పద్ధతి మరి కొంత కాలానికి బలపడినది. లండనులో చార్లెస్ బూత్ 1889నుండి వీధివీధికీ పేదరికాన్ని రంగులతో చూపే పటాలను ప్రకటించాడు. ఆ పద్ధతికి పర్యావరణ న్యాయంతో ముడి పడినది మాత్రం అమెరికాలో.

1982లో ఉత్తర కెరొలైనా రాష్ట్రంలోని వారెన్ కౌంటీలో, విషపదార్థం కలిసిన మట్టిని పూడ్చుటకు ఒక స్థలం ఎన్నిక చేశారు. అక్కడివారిలో అధికసంఖ్యాకులు నల్లజాతి పేదలు. వారు లారీలకు అడ్డంగా రోడ్డుపై పడుకొన్నారు. అయిదు వందలమందికి పైగా అరెస్టయినారు. పూడ్చుట ఆగలేదు. కాని ఒక ప్రశ్న పుట్టినది: ఇట్టి గోతులు ఎల్లప్పుడూ ఇట్టివారి ఇళ్ల ప్రక్కనే ఎందుకు పడుతున్నవి? 1983లో అమెరికా ప్రభుత్వ జమాఖర్చుల తనిఖీ కార్యాలయం ఆగ్నేయ రాష్ట్రాలను పరిశీలించి, అక్కడి నాలుగు పెద్ద విషవ్యర్థ స్థలాలలో మూడు నల్లవారు అధికంగా ఉన్న చోట్లనే ఉన్నట్లు తేల్చినది. 1987లో ఒక క్రైస్తవ సంఘం దేశమంతటా తపాలా మండలాల వారీగా వ్యర్థస్థలాలను, జనసంఖ్యను పోల్చి చూచినది. వ్యర్థస్థలం ఎక్కడ ఉంటుందో ముందుగా ఊహించుటకు ఆదాయంకంటెను ఇంటి విలువకంటెను జాతియే బలమైన సూచిక అని అందులో తేలినది.

2007లో అదే పరిశీలనను క్రొత్త పద్ధతిలో మళ్లీ చేశారు. ఈసారి తపాలా మండలాన్ని వదలి, వ్యర్థస్థలంనుండి 3 కిలోమీటర్ల లోపల నివసించేవారు ఎవరు అని లెక్కించారు. పూర్వం కనబడినదానికంటె వ్యత్యాసం ఇంకా పెద్దదని తెలిసినది. అన్యాయం అంతకుముందు లేక కాదు. కొలత ప్రమాణం పెద్దది కావడంవల్ల దానిలో కొంత దాగిపోయినది. పటాల చరిత్రలో ఇది ముఖ్యమైన పాఠం.

2015లో అమెరికా పర్యావరణ సంస్థ ఇట్టి పటాన్ని ఎవరైనా కంప్యూటరుపై చూచుకొనే సదుపాయం కల్పించినది. 2025లో ప్రభుత్వం మారిన పిదప ఆ సంస్థ దానిని తొలగించినది. బయటి పరిశోధకులు ప్రతిని నిలుపుకొన్నారు. పటాన్ని గీయడం ఎట్లో, దానిని జనానికి అందుబాటులో ఉంచడం కూడ అట్లే ఒకరి నిర్ణయంపై ఆధారపడి ఉంటుందని ఈ ఉదంతం తెలుపుతున్నది.

సగటులో మునిగిన పేట

ఈ పాఠం తెలుగుదేశానికి క్రొత్తది కాదు. 1937లో మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు ప్రాంతంలో ఎముకలు బిగిసి, నడుములు వంగి, పళ్లు గారపట్టిన రోగులను పరీక్షించిన వైద్యులు, త్రాగే నీటిలోని ఫ్లోరైడే దానికి కారణమని ప్రకటించారు. భారతదేశంలో ఈ వ్యాధిని గుర్తించిన తొలి సందర్భాలలో అది ఒకటి. తరువాత నల్లగొండ, అనంతపురం మొదలైన జిల్లాలలో కూడ ఈ బాధ ఉన్నట్లు తెలిసినది. అనంతపురం నేలలో అడుగున ఉన్నది ప్రాచీనమైన గ్రానైటు జాతి రాయి. అట్టి రాళ్లలోని కొన్ని ఖనిజాలనుండి ఫ్లోరైడు నెమ్మదిగా నీటిలోనికి దిగుతుంది. రాతి పగుళ్లలో నీరు చిరకాలం నిలిచినకొలది దాని పాలు హెచ్చవచ్చును. భారతీయ ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామును మించకుండుట మంచిది. వేరే నీరు లేనపుడు 1.5 మిల్లీగ్రాములవరకు అనుమతి ఉన్నది.

ఇపుడు ఒక ఊహాగ్రామాన్ని తీసికొందురు గాక. అందులో నాలుగు చేతిపంపులున్నవి. వాటి నీటిలో ఫ్లోరైడు వరుసగా 0.6, 0.8, 1.0, 3.2 మిల్లీగ్రాములు. నాలుగింటినీ కూడి నాలుగుతో భాగిస్తే సగటు 1.4. పెద్ద పటంపై ఆ ఊరు ‘క్షేమం’ అనే రంగు పూసుకొంటుంది. కాని నాలుగవ పంపు ఊరికి దూరంగా విసిరివేసినట్లున్న ఒక పేటలో ఉన్నది. ఆ పేటవారికి వేరే నీరు లేదు. ఆ పేట బిడ్డలు ప్రతిదినం అనుమతికి రెట్టింపుకంటె ఎక్కువ ఫ్లోరైడు త్రాగుతున్నారు. సగటు అబద్ధం చెప్పలేదు. కాని నిజమూ చెప్పలేదు.

మన పల్లెలలో మాలపల్లి, మాదిగపల్లి, తండా, క్రొత్తగా వేసిన కాలనీ వంటివి ప్రధానగ్రామానికి ఎడంగా ఉండటం అందరికీ తెలిసినదే. ప్రభుత్వ నీటి పథకాలలో సయితం గ్రామానికి బదులు ‘ఆవాసం’ అనే చిన్న ప్రమాణాన్ని లెక్కలోనికి తీసికోవలసి వచ్చినది. 1990 తరువాత దేశమంతటా ఆవాసాల వారీగా సర్వేలు జరిగినవి. మనిషికి దినానికి 40 లీటర్లు, 250 మందికి ఒక పంపు, మైదానంలోనైతే 1.6 కిలోమీటర్ల లోపల నీరు అనేవి ఆనాటి కొలబద్దలు. 2019లో ప్రారంభమైన జలజీవన్ పథకం ప్రమాణాన్ని ఇంటివరకు దించి, ఇంటింటికీ కొళాయి, మనిషికి 55 లీటర్లు అని నిర్ణయించినది. ఊరినుండి పేటకు, పేటనుండి ఇంటికి పటం సన్నబడినకొలది, అంతవరకు లెక్కకు రానివారు ఒక్కొక్కరుగా వెలుగులోనికి వచ్చారు.

ఆకాశంనుండి చూపు, నేలపై కొలత

1988 మార్చి 17న పూర్తిస్థాయిలో పనిచేసే భారతదేశపు తొలి దూరగ్రాహక ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఎ ఆకాశానికి ఎగసినది. హైదరాబాదులోని జాతీయ దూరగ్రాహక కేంద్రం ఇట్టి ఉపగ్రహాల చిత్రాలతో, త్రాగునీటి పథకాలకోసం, భూగర్భజలం దొరకగల చోట్లను చూపే పటాలను తయారు చేయించినది. పటంలో ఒక సెంటీమీటరు నేలపై అర కిలోమీటరుకు సమానం. మొదట చేపట్టిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ కూడ ఒకటి. రాతినేలలో నీరు అంతటా పరచుకొని ఉండదు. పైనున్న శిథిలశిలలోను, అడుగునున్న పగుళ్లలోను మాత్రమే నిలుస్తుంది. ఆ పగుళ్ల జాడను పైనుండి పసిగట్టడం గొప్ప మేలు.

అయితే ఇందులో ఒక చిక్కున్నది. నీరు ఎక్కడ ఉన్నదో చూపే పటం, ఆ నీరు ఎవరికి దక్కుతుందో చూపదు. లోతుగా బోరు వేయగల స్తోమత గలవాడు ముందుగా వేస్తాడు. అతని బోరు లాగినకొలది నీటిమట్టం దిగి, ప్రక్కనున్న చిన్నరైతు బావి ఎండుతుంది. చిన్నరైతు అప్పు తెచ్చి బోరు వేస్తే, అది పడకపోతే, అప్పు మాత్రం మిగులుతుంది. ప్రభుత్వ లెక్కలో ఏటా భూమిలోనికి ఇంకే నీటిలో 70 శాతంవరకు తోడితే ఆ ప్రాంతం ‘సురక్షితం’. నూరు శాతం దాటితే ‘అతివినియోగం’. మండలం మొత్తానికి ఒకే రంగు పడుతుంది. ఎవరు ఎంత తోడారన్నది ఆ రంగులో తెలియదు.

ఈ లోటును కొంతవరకు తీర్చిన ప్రయత్నం ఒకటి మన రాష్ట్రంలోనే జరిగినది. 2000 తరువాతి దశాబ్దంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, అనంతపురంతో సహా ఏడు కరవు జిల్లాలలో, ఆరు వందలకు పైగా గ్రామాలలో రైతులే భూగర్భజలాన్ని కొలిచే పథకం నడచినది. ఊరిలో వర్షమాపకం పెట్టుకొన్నారు. ఎంపిక చేసిన బావులలో నీటిమట్టాన్ని నియమంగా కొలిచారు. బోరు ఎంత పోస్తున్నదో పాత్ర నిండే కాలాన్నిబట్టి లెక్కించారు. రబీకి ముందు అందరూ కూర్చుండి, భూమిలో ఎంత నీరున్నది, తలచుకొన్న పంటలకు ఎంత కావలెను అని జమాఖర్చు వేసికొన్నారు. వరికి బదులు తక్కువ నీటి పంటలు వేయడానికి చాలామంది ఒప్పుకొన్నారు. ఆజ్ఞ ఇచ్చినవారెవరూ లేరు. కొలత అందరి కన్నుల ఎదుట జరిగినది కనుక దానిని కాదనుట కష్టమైనది.

వంక, ఇల్లు, వరద

నీరు లేని చోటనే కాక, నీరు పొంగిన చోట కూడ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. 2022 అక్టోబరులో కురిసిన భారీవర్షాలకు అనంతపురంలో నడిమివంక పొంగి, దాని వెంట ఉన్న కాలనీలు నీట మునిగినవి. 2024 అక్టోబరులో పండమేరు వరద అట్టి అనుభవాన్నే మళ్లీ తెచ్చినది. ఏడాదిలో ఎక్కువ కాలం పొడిగా ఉండే వంక తన దారిని మరచిపోదు, మనుషులే మరచిపోతారు. పల్లపు స్థలం చవుక. చవుక స్థలానికి చేరేది పేదవాడు.

పాత రెవెన్యూ పటంలో వంక గీత స్పష్టంగా ఉంటుంది. దానిపై నేటి ఉపగ్రహచిత్రాన్ని పరచి చూస్తే, గీత ఏ ఇళ్ల మీదుగా పోతున్నదో తెలుస్తుంది. కాని ఆ ఒక్క పటాన్నే రెండు విధాల చదువవచ్చును. ‘వీరు ఆక్రమణదారులు, తొలగించండి’ అని ఒకరు చదువుతారు. ‘వీరికి క్షేమమైన స్థలం ఇంతవరకు ఎందుకు దొరకలేదు?’ అని మరొకరు చదువుతారు. పటం సాక్షియే గాని న్యాయాధిపతి కాదు. తీర్పు చెప్పవలసినది మనుషులే. ఆ తీర్పు చెప్పేవారిలో పటంలో కనబడేవారు కూడ ఉండవలెను.

పాఠశాలలో ఒక పటం

ఇంతటి పనికి ఉపగ్రహం కావలసిన అవసరం లేదు. ఉన్నతపాఠశాల విద్యార్థులు ఒక నెలలో తమ ఊరి నీటిపటాన్ని తయారు చేయవచ్చును. తెల్లకాగితంపై వీధులు, పేటలు, చెరువు, వంకలు గీయవలెను. దానిపై పలుచని ట్రేసింగు కాగితం పరచి ప్రతి కొళాయి, పంపు, బావి గుర్తించవలెను. రెండవ ట్రేసింగు కాగితంపై, ఏ ఇంటివారు నీళ్లకు ఎన్ని అడుగులు నడుస్తారో, నడిచేది ఎవరో వ్రాయవలెను. నీటి నమూనాను పరీక్షించుటకు గ్రామీణ నీటిసరఫరా శాఖవారి సహాయం కోరవచ్చును. మూడు కాగితాలనూ ఒకదానిపై ఒకటి ఉంచి వెలుతురుకు ఎత్తి చూస్తే, పుస్తకంలో దొరకని పాఠం దొరుకుతుంది. కంప్యూటరుపై నడిచే భౌగోళిక సమాచార వ్యవస్థ చేసే పనిలో మూలసూత్రం ఇదే. కాగితాల సంఖ్య మాత్రమే ఎక్కువ.

రెండు జాగ్రత్తలు మాత్రం మరువరాదు. మొదటిది, ఊరికి సగటు కట్టకుండ, ప్రతి పేటనూ విడిగా చూపవలెను. రెండవది, ఏ ఇంటివారి పేరునూ పటంపై వ్రాయరాదు. వారి కష్టం తెలియడం వారికి మేలు చేయవలెనే గాని నగుబాటు తేరాదు. పూర్తయిన పటాన్ని ముందుగా ఆ పేటవారికే చూపి, తప్పులు దిద్దించుకొనవలెను. ఆ తరువాతనే దానిని గ్రామసభ ముందు పెట్టవలెను.

బుక్కరాయసముద్రం కట్టపై నిలిచి చూస్తే ఒక వైపు చెరువు, మరొక వైపు ఆయకట్టు కనిపిస్తాయి. ముసలమ్మ కథను ఈ సీమవారు నేటికీ మరచిపోలేదు. ఊరి క్షేమానికి వెల చెల్లించినవారి పేరును కథ నిలుపుకొన్నది. పొలం పుస్తకం నిలుపుకోలేదు. ఇకమీదట గీయబోయే పటాలు ఆ లోటును తీర్చగలవు. గండి పడకముందే, దాని ఎదుట నిలువవలసి వచ్చేది ఎవరో అవి చూపించగలిగితే, ఎవరూ బలి కానక్కరలేకుండ కట్టను బాగుచేసికొనే వ్యవధి ఊరికి దొరుకుతుంది.